ఐసు పడని ఐదో చార

ప్రయోగశాలలో కొత్తగా చేరినవారికి ఏ నమూనాను ఎక్కడ దాచాలో మొదటి రోజే నేర్పుతారు. దేన్ని దాచకూడదో నేర్పడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ రెండో పాఠం నాకు ఉద్యోగం చివరి అంచున, ఒక వేసవిలో దొరికింది. పాఠం చెప్పింది పెద్దపేగు క్యాన్సరు కణాల్లో పనిచేసే ఒక ఎంజైము. అది అర్థం కావడానికి ఐసు ఫ్యాక్టరీ, చెరకురసం బండి, గోనెసంచి నిండా పీతలు కూడా కావలసి వచ్చాయి. ఈ రంగంలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను పనిచేసింది విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, రక్త పరీక్షల ల్యాబులో. మా పూర్వులది ఈ జిల్లాల్లోనే ఒక చిన్న జమీ. నా దాకా వచ్చేసరికి అందులో మిగిలింది నిటారుగా నిలబడే వెన్నెముక ఒక్కటే. మైక్రోస్కోపు ముందు అందరూ వంగి కూర్చుంటారు. నేను దాని కింద పాత పుస్తకాలు పేర్చి, దాన్నే నా కంటి ఎత్తుకు తెచ్చుకున్నాను. అందుకే ల్యాబులో నన్ను 'దొరగారు' అనేవారు. అందులో గౌరవం పాలెంతో, వెక్కిరింత పాలెంతో నేనెన్నడూ తూచి చూడలేదు.

ఒక్కడు మాత్రం అలా పిలిచేవాడు కాదు. గోపాలపట్నం నుంచి స్కూటరు మీద వచ్చే నా తోటి టెక్నీషియన్. నా ఈడువాడు, ఈ నేల మీదే పుట్టి పెరిగినవాడు. పరిచయమైన కొత్తలోనే నన్ను 'బావా' అన్నాడు. మా ఇంట్లో ఆ పిలుపుకు చాలా తతంగం ఉంటుందని చెప్పి చూశాను.

"తతంగానికేటుంది బావా, నువ్వు ఊఁ అంటే అయిపోద్ది," అన్నాడు.

నేను ఊఁ అనలేదు. అయినా అయిపోయింది. కొన్నాళ్లకు నేనూ అతణ్ని బావా అనే పిలవసాగాను.

ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో ఒక యువ డాక్టరుగారు పెద్దపేగు క్యాన్సరు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆమె తండ్రిగారు గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. బొగ్గు కబుర్లు వింటూ పెరిగిన మనిషి కనుక, తన ఎంజైమును కూడా మాకు బొగ్గుతోనే పరిచయం చేశారు.

"మన ఒంట్లో కణాలు చక్కెరను గాలితో పూర్తిగా కాల్చుకుంటాయండి. గాలి చాలనప్పుడు మాత్రం సగం కాల్చి వదిలేస్తాయి. పరుగెత్తేటప్పుడు కండరాల్లో జరిగేది అదే. అప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. క్యాన్సరు కణం సంగతి వేరు. చుట్టూ గాలి ఉన్నా సగమే కాలుస్తుంది. దొరికిన చక్కెరంతా లాక్కుంటుంది, సగం కాల్చి ఆ ఆమ్లాన్ని బయట పారబోస్తుంది."

"ఎవులింటి ముందు పారబోత్తాది?" అన్నాడు బావ.

"పక్కవాళ్ల ఇంటి ముందు."

"అయితే బొగ్గు లారీ లాంటిదే. కిరాయి ఆడిది, మసి మనది."

డాక్టరుగారు నవ్వారు. ఆ తర్వాత విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు ఆ లారీ సంగతి ఆమె నోట చాలాసార్లు విన్నాను.

ఆ సగం కాల్చే పనిని చేయించే ఎంజైము పేరు లాక్టేట్ డీహైడ్రోజినేజ్. పారబోసిన ఆమ్లం పక్కనున్న మంచి కణాలను నీరసింపజేస్తుంది. కాపలాకు వచ్చే తెల్ల రక్తకణాలను మందగింపజేస్తుంది. పేగు గోడలో పొరలు వదులవుతాయి. ఆ సందులోంచి జారిన క్యాన్సరు కణాలు రక్తంలో పడి ఎక్కువగా కాలేయానికి చేరతాయి, ఎందుకంటే పేగు నుంచి వచ్చే రక్తం చాలావరకు ముందు వెళ్లేది అక్కడికే. ఇక ఆ సగం కాలిన సరుకులో కొంత భాగంతో కణం తనలాంటి మరో కణాన్ని కట్టుకుంటుంది. మన కంటికి దుబారాగా కనిపించేదే దానికి పెట్టుబడి.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. దుబారా గురించి మా వంశానికి తెలిసినంత మరొకరికి తెలియదు. దుబారా చేసి పెరిగినవాణ్ని మాత్రం నేను అంతవరకూ చూడలేదు. గాలి ఉండగా ఎందుకు సగమే కాలుస్తుందని ఆమెను అడిగాను. "అదే కదండీ అందరూ వెతుకుతున్నది," అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఎంజైము పరీక్ష నేనే స్వయంగా చేయడం మొదలుపెట్టాను.

పరీక్ష ఇది. రోగి రక్తాన్ని గిరగిరా తిప్పితే ఎర్రదనం అడుగుకు దిగి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. అదే సీరం. దాన్ని ఒక పలుచటి జెల్ పలక మీద చుక్కపెట్టి విద్యుత్తు పంపి, రంగు పట్టిస్తే ఆ ఎంజైము ఐదు చారలుగా విడిపోయి కనిపిస్తుంది. ఒకే ఎంజైముకు ఐదు రూపాలు. మొదటిది చురుకైనది, ముందుకు పరుగెడుతుంది. ఐదోది కదలదు, బయల్దేరిన చోటే కూర్చుంటుంది. కాలేయంలోనూ, చాలా క్యాన్సరు కణాల్లోనూ ఎక్కువగా ఉండేది ఆ ఐదోదే. డాక్టరుగారికి కావలసిందీ అదే. ఐదో చార చిక్కబడుతూ పోతే లోపల ఎక్కడో మళ్లీ ఏదో పెరుగుతోందని అనుమానించవచ్చు. ఒక్క దాన్నే చూసి ఏదీ తేల్చకూడదు, కానీ స్కాను ముందుగా తీయించమని చెప్పడానికి అది చాలు.

రోగులు రెండు వైపుల నుంచి వచ్చేవారు. స్టీలు ప్లాంటు, పోర్టు ఉద్యోగుల కుటుంబాలవారు నేరుగా ఆసుపత్రికి వచ్చేవారు. వారి సీరం అప్పటికప్పుడు జెల్ ఎక్కేది. జాలరిపేటవారు మాత్రం రావడానికి ఇష్టపడేవారు కాదు. పొద్దున్న వస్తే ఆ పూట చేపల బేరం పోతుంది. అందుకని వారానికోసారి బావ అక్కడి సామాజిక భవనానికి వెళ్లి, రక్తం తీసి, అక్కడే సీరం వేరుచేసి తెచ్చేవాడు. మా ఫ్రీజరులో పెట్టి, వారం చివర అన్నీ కలిపి పరీక్ష చేసేవాళ్లం.

అతను తెచ్చేది థర్మోకోల్ చేపలపెట్టెలో, నలగ్గొట్టిన ఐసు నిండా పోసుకుని. అంత ఐసు ఎందుకని ఒకసారి అడిగాను.

"ఐసు నేకుండా ఎలా తెత్తాను బావా? పేటలోంచి ఏదైనా ఐసు నేకుండా బయటికొచ్చిందంటే పిల్లి కూడా వోసన సూడదు."

అందులో తప్పుపట్టడానికేమీ కనిపించలేదు. ఈ ఊళ్లో పడవలోకి డీజిలుకంటే ముందు ఐసు ఎక్కుతుంది. విలువైనదేదైనా ఐసులో ఉండాలన్నది ఇక్కడ ఎవరూ నేర్పకుండానే వచ్చే జ్ఞానం. పరిశోధన పత్రంలోనూ 'ఐసు మీద తేవాలి' అనే ఉంది. అదే రక్తంతో చేసే మిగతా పరీక్షలకు అది అవసరం కూడా.

కొన్ని నెలలకు ఫలితాల్లో ఒక వింత బయటపడింది. స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పు వారిలో కొందరికి ఐదో చార చిక్కగా ఉంది. జాలరిపేట వారిలో దాదాపు ఎవరికీ లేదు. అందరికీ ఆవిరి పట్టిన అద్దం మీద వేలి గీతలా పలుచగా ఉంది. రోగం ఒకటే, ఆపరేషను ఒకటే, మందులు ఒకటే. తేడా ఏమిటి? డాక్టరుగారు ఆలోచించి, ఎవరికైనా తట్టేదే చెప్పారు.

"రోజూ చేప తింటారు సార్ వాళ్లు. చేప కొవ్వు ఈ ఎంజైమును అణుస్తోందేమో."

ఆ మాట ఎంత తొందరగా పాకిందో చెప్పలేను. ఆసుపత్రి క్యాంటీనులో చేపల పులుసు మధ్యాహ్నం కాకుండానే అయిపోయేది. అకౌంట్సులో ఒక శాకాహారి, చేపనూనె మాత్ర మాంసాహారం కిందికి వస్తుందా అని నన్ను రహస్యంగా అడిగారు. అందరికంటే సంతోషించినవారు జాలరిపేటవారు. వారిలోనూ ఒకావిడ.

ఆవిడ తీరం దగ్గర గంప పెట్టుకుని చేపలమ్ముతుంది. పెద్దపేగులో క్యాన్సరు తీయించుకుని ఏడాది దాటింది. గొంతు పెద్దది. చేపలు కొనేవాళ్లకూ డాక్టర్లకూ తేడా చూపేది కాదు. మళ్లీ స్కాను తీయాల్సిన గడువు వచ్చినప్పుడు ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆ సొరంగంలోకి నాను మరెల్లను తల్లీ. ఒకపాలి ఎల్నాను, సాల్దా? పడుకున్నంతసేపూ టకటకటక. ఇంటికొచ్చినా సెవుల్లో అదే. ఆ రోజు బేరం కూడా పోనాది."

డాక్టరుగారు ఆవిడ జెల్ ఫొటో తీసి చూశారు. ఐదో చార కనీకనిపించకుండా ఉంది. మిగతా పరీక్షలూ కుదురుగానే ఉన్నాయి. "సరే అమ్మా, వానలు పడ్డాక చూద్దాం," అన్నారు. ఆవిడ ఆ మాటను పేటకు మోసుకెళ్లి తనదైన తీరులో పంచింది. సేప తిన్నోలికి సొరంగం అక్కర్నేదంట. మరికొందరు కూడా స్కానుకు రావడం మానేశారు.

మా తాతగారి గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. జమీ పోతుందని పదిమందీ హెచ్చరిస్తే ఆయన వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవారు పెట్టే దండాలు చూపించేవారట. వీళ్లు నా భూమి పోనిస్తారా అని. ఆ దండాలు నిజమైనవే. భూమీ నిజంగానే పోయింది. అందుచేత, అందరికీ ఇష్టమైన కథ ఏదైనా వింటే నాకు వీపు మీద చీమ పాకినట్టుంటుంది. ఇష్టమైన కథ కూడా ఆ క్యాన్సరు కణం లాంటిదే. సగం కాలిన సరుకుతోనే పెరుగుతుంది, ఎక్కడో దూరాన మళ్లీ మొలుస్తుంది.

కానీ వీపు మీద చీమను సాక్ష్యంగా చూపలేం. ఊరుకున్నాను.

ఎండలు ముదిరాక ఏటా వచ్చే వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పడవలు లేకపోతే ఐసుకు గిరాకీ ఉండదు. ఐసు ఫ్యాక్టరీలు మూసుకుని మరమ్మతులు చేయించుకుంటాయి. ఆ వారం బావ జాలరిపేట నుంచి సీసాలను ఉత్త సంచిలో పెట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఐసు దొరకనేదు బావా. ముక్క కూడా నేదు. ఈటిని ముందు ఎక్కించీ, నేకపోతే పాడైపోతాయి. నీకు దండవెడతాను."

దండం అక్కర్లేదని చెప్పి వెంటనే ఎక్కించాను. రంగు పట్టాక పలకను వెలుతురుకు ఎత్తి చూశాను. జాలరిపేట వారిలో కొందరికి ఐదో చార చిక్కగా, స్పష్టంగా నిలబడి ఉంది. అందరికంటే చిక్కటిది చేపలమ్మే ఆవిడది.

డాక్టరుగారు పలకను చాలాసేపు చూశారు. మొహం వెలిగింది.

"చూశారా సార్? చేప ఆగింది, ఎంజైము లేచింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

"మరి ఆవిడ స్కాను?"

"పడవలు మళ్లీ నీళ్లలోకి దిగాక తగ్గిపోతుందండి. తగ్గితే మన మాట ఇంకా గట్టిపడుతుంది. నెలలోపే కాన్ఫరెన్సు. అక్కడ చెప్పి వస్తాను."

ఆమె చెప్పినదాంట్లో తర్కం లోపం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. చీమ ఈసారి మెడ దాకా వచ్చింది. తర్వాతి వారం బావతో కలిసి నేనూ జాలరిపేట వెళ్లాను. నేను వెళ్లడం అదే మొదటిసారి కనుక స్కూటరు మీద వెనక నిటారుగా కూర్చున్న నన్ను చూసి దారిలో ఒకాయన పెళ్లిచూపులకా అని అడిగాడు.

"అవును, సంబంధం నాను సూత్తన్నాను," అన్నాడు బావ ఆగకుండా.

ఆవిడ ఒడ్డున, తిరగేసిన ఐసు పెట్టె మీద కూర్చుని వలకు అల్లిక పెడుతోంది. నిషేధం రోజుల్లో ఏం తింటున్నారని అడిగాను.

"ఏటి తింటాం బాబూ, సేపలే తింటాం."

"నిషేధం కదమ్మా?"

"నిసేదం పెద్ద బోట్లకి. తెప్పలకేటి? అదీ నేకపోతే ఎండుసేప ఉంది, ఇంటి నిండా ఉంది. బేరం ఆగింది గానీ తినడం ఆగిందేటి? నిసేదమని నోరు కుట్టేసుకుంటామా?"

బావ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. చేప ఆగలేదు. మరి ఆగింది ఏమిటి? ఆవిడ కూర్చున్న ఖాళీ పెట్టె అడుగు ఎండకు పగిలి, తెల్లగా పొడిగా ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఆ శుక్రవారం ఆవిడ సీరాన్ని రెండు చిన్న సీసాల్లో సగం సగం పోశాను. ఒకటి ల్యాబులోని బల్ల మీద, మామూలు గది వేడిలో; దాన్ని అలా ఎందుకు ఉంచానో బావకు చెప్పలేదు. రెండోదానికి ఐసు కావాలి. హార్బరులో లేదు కనుక బావ బయట చెరకురసం బండివాడి దగ్గర ఒక దిమ్మ బతిమాలి తెచ్చాడు. కొంతసేపు ఆ ఐసులో ఉంచి, తర్వాత మామూలుగా ఫ్రీజరులో పెట్టాం. సోమవారం రెండింటినీ ఒకే పలక మీద పక్కపక్కన ఎక్కించాను.

రెండింటిలోనూ ఐదో చార వెలిసిపోయి ఉంది. రెండూ ఒకటే.

అంటే ఐసుదేమీ తప్పు లేదు, నిలవ ఉంచితేనే పాడవుతోందన్నమాట. నా అనుమానం అక్కడితో ముగిసిపోవాలి. బావ నా వైపు జాలిగా చూశాడు.

"నాను ముందే సెప్పాను కదా బావా. ఇంకా ఎక్కువ ఐసు ఎయ్యాలి. అసలు నాను గానీ సూడకపోతే ఆ బల్ల మీదది పూర్తిగా కుళ్లిపోయేది."

"చూడటమేమిటి?"

"శుక్రవారం నువ్వెల్లిపోనాక సూత్తే, సీసా బల్ల మీదే ఒగ్గేసి పోనావు. వయసొచ్చింది, మర్సిపోనావని ఐసులో ఎట్టి, ఫ్రీజర్లో దాసినాను. పొద్దున్నే తీసి బల్ల మీద ఎట్టేసినాను, నీకు సిన్నతనంగా ఉంటాదని."

నేను కుర్చీలో కూర్చున్నాను. నన్ను చిన్నబుచ్చకూడదని ఒక మనిషి చూపిన దయ వల్ల ఒక నిజం దాదాపు చచ్చిపోయింది. కోపం రావాలి. రాలేదు. అతని చేతికి ఆ పని ఎవరూ చెప్పలేదు. చెయ్యి తనంతట తానే చేసింది. బల్ల మీద ఒంటరిగా సీసా కనిపిస్తే ఈ ఊళ్లో ఏ చెయ్యి అయినా అదే చేసేది. మూడు తరాలుగా ఐసు నమ్ముకున్న ఊరి చెయ్యి అది.

"బావా, అది మర్చిపోయి వదిలింది కాదు. కావాలని వదిలాను."

"కావాలనా?" అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఐసు నేకుండా? పాపం కాదేటి?"

మరుసటి వారం మళ్లీ చేశాం. ఈసారి కొత్త రక్తం, మళ్లీ రెండు సీసాలు. బల్ల మీది సీసాను నా సొంత అలమరలో పెట్టి తాళం వేశాను. బావ ఆ అలమర వైపు వెళ్లినప్పుడల్లా ఆగి, లోపల పసిబిడ్డ ఏడుస్తున్నట్టు చెవి పెట్టేవాడు.

సోమవారం పలక ఆరాక ఇద్దరం కిటికీ దగ్గరకు తీసుకెళ్లాం. ఐసులో దాచినదానిలో మొదటి నాలుగు చారలు బాగానే ఉన్నాయి, ఐదోది వెలిసిపోయింది. అలమరలో ఉక్కలో పడున్నదానిలో ఐదోది నిండుగా, ముదురు ఊదా రంగులో ఉంది. చల్లదనానికి అందరికంటే ముందు ఓడిపోయేది ఆ ఐదో రూపమే. ఇది కొత్త సంగతేమీ కాదు. మా రంగంలో పాతవారికి తెలిసినదే, చదువుకునే రోజుల్లో నా చెవిన కూడా పడే ఉంటుంది. ఐసు అలవాటు దాన్ని కప్పేసింది.

బావ పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "దీనికి ఐసు పడదన్నమాట," అన్నాడు. అత్తవారింట్లో ఏ కూర పడదో చెప్పినట్టు చెప్పాడు.

డాక్టరుగారు మర్నాడు కాన్ఫరెన్సుకు బయల్దేరాలి. నేను పలక పట్టుకుని వెళ్లేసరికి తెర మీద ఆమె సిద్ధం చేసిన మొదటి బొమ్మ ఉంది. అందులో ఒక పెద్ద వంజరం చేప. పలకను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను, అలమర తాళంతో సహా. మధ్యలో ఆమె ఒక్కసారి మాత్రం, "ప్రతి వారం ఐసులోనేనా?" అని అడిగారు. అవునన్నాను.

నేను ఆమె నుంచి ఏదో వాదన కోసం ఎదురుచూశాను. నాకైతే అలాంటి చోట వాదన తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఏడాది పని, ఆ చేప బొమ్మ, కాన్ఫరెన్సు, అన్నీ ఆ పలక మీద కరిగిపోతున్నాయి. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"సార్, మనం ఎవరెవరి స్కాన్లు వాయిదా వేశాం?"

అంతా విన్నాక ఆమె మొదట అడిగిన మాట అది. నేను చాలామంది గొప్పవారి దగ్గర పనిచేశాను. వారి ముందు వంగని నా తల ఆ మాటకు కొంచెం వంగింది. ఆమె గమనించలేదు, అప్పటికే ఫోను తీసి ప్రయాణం రద్దు చేస్తున్నారు.

ఆ సాయంత్రమే ముగ్గురం జాలరిపేట వెళ్లాం. ఆవిడ ఎప్పటి చోటే ఉంది. పక్కన ఇంకొకామె గోనెసంచిలో బతికున్న పీతలు పెట్టుకుని నీళ్లు చిలకరిస్తోంది. డాక్టరుగారు ఇసుకలోనే కూర్చుని, స్కాను ఇప్పుడే తీయాలని చెప్పారు.

ఆవిడ గంప పక్కకు జరిపింది. "మొన్న బాగున్నావన్నావు. ఇయ్యాల బాగునేదంటన్నావు. ఏది నిజం తల్లీ?"

"మొన్న మేం పొరబడ్డామమ్మా. మీ రక్తం ఐసులో పెట్టి పాడుచేశాం."

"ఐసులో ఎడితే పాడవుద్దా?" ఆవిడ పక్కామె వైపు తిరిగి నవ్వింది. "ఓలమ్మా, ఇన్నావేటే? ఐసులో ఎడితే పాడయ్యేది కూడా ఉందంట లోకంలో. సదువుకున్నోలు సెప్తన్నారు."

ఇద్దరూ నవ్వారు. బావ కూడా కొంచెం వారి పక్షానే ఉన్నట్టు కనిపించాడు. డాక్టరుగారు ఎంజైము గురించి మొదలుపెట్టి ఆగిపోయారు. నా కళ్లు గోనెసంచి మీద పడ్డాయి.

"ఆ పీతల్ని ఐసులో ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాను.

"బతికున్న పీతని ఐసులో ఎవులెడతారు బాబూ? సచ్చిపోద్ది. సచ్చిన పీత ఎవుడు కొంటాడు?"

"మేం చేసింది అదే. మీ రక్తంలో ఒక పీత ఉందేమో చూడాలనుకున్నాం. ఐసులో పెట్టి చంపేసి, చూశాం, కదల్లేదు కనుక లేదన్నాం."

ఆవిడ నవ్వు ఆగింది. సంచిలో ఒక పీత కాలు బయటపెట్టి గోనెను గీరుతోంది. క్యాన్సరు అన్న మాటకు అర్థం కూడా పీతేనని డాక్టరుగారికి గుర్తొచ్చినట్టుంది, నా వైపు చూశారు. నేను ఆ సంగతి పైకి అనలేదు. ఆవిడకు ఆ పూట ఒక పీత చాలు.

ఆ పీత కాలును సంచిలోకి నెడుతూ ఆవిడ అడిగింది, చాలా చిన్న గొంతుతో. "ఇప్పుడు కదుల్తందా?"

"అది సొరంగంలోకి వెళ్తేనే తెలుస్తుందమ్మా," అన్నారు డాక్టరుగారు. "నేను గది అద్దం అవతలే నిలబడతాను. మీకు కనబడతాను."

"నువ్వు కనబడితే నాకేటి, టకటక ఆగుద్దా?" అంది ఆవిడ. అని, గంప ఎత్తి పక్కామెకు ఇచ్చి, "రేపటి బేరం నువ్వు సూసుకోయే," అని లేచింది.

కాలేయంలో మచ్చ ఉంది. ఒక్కటే, చిన్నది, అంచున. వానలు పడేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆగకపోవడం వల్ల దాన్ని కోసి తీయగలిగారని మాత్రం చెప్పగలను. మిగతావారినీ పిలిచి చూశారు. వారిలో ఎక్కువమందికి ఏమీ లేదు. ఐదో చార చిక్కగా ఉన్న ఒకాయనకు కూడా క్యాన్సరు మళ్లీ రాలేదు. చివరికి చూస్తే ఆయనకు కాలేయంలో వేరే జబ్బు ఉంది. అందుకే ముందే చెప్పాను, ఆ ఒక్క చారతో ఏదీ తేల్చకూడదని.

పరిశోధన మళ్లీ మొదటి నుంచి చేశారు. ఐసు లేకుండా, ఏ రోజు సీరం ఆ రోజే. చేప తేడా మాయమైంది. జాలరిపేటవారూ టౌన్‌షిప్పువారూ, పులుసు తినేవారూ పప్పు తినేవారూ ఆ పలక మీద కలిసిపోయారు. మిగిలింది ఒక్కటే సంగతి. ఐదో చార నెలనెలా ముదురుతూ పోయినవారిలో రోగం మళ్లీ తలెత్తడం ఎక్కువగా కనిపించింది. ఎందుకన్న ప్రశ్న అలాగే ఉంది. చుట్టూ గాలి ఉండగా ఆ కణం ఎందుకు సగమే కాల్చుకుంటుందో, సగం కాలినదాంతో అంత బలం ఎలా తెచ్చుకుంటుందో, డాక్టరుగారు ఇంకా వెతుకుతున్నారు. అప్పుడప్పుడు ఫోను చేసి తాజా సంగతులు చెబుతుంటారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని వింటాను.

పిల్లలకు నేను చెప్పగలిగేది, మీ చేతులు ఎవరూ చెప్పకుండానే చేసే పనిని ఒకసారి ఆపి చూడమని. తప్పు తరచుగా అక్కడే కాపురముంటుంది, అందులోనూ ఎంతో మర్యాదగా.

ఆవిడ కోలుకున్నాక, పడవలు మళ్లీ వేటకు వెళ్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ల్యాబు గుమ్మంలో నిలబడింది. చేతిలో అరిటాకులో చుట్టిన పొట్లం. నీళ్లు కారుతున్నాయి.

"ఏటే, ఇయ్యాల సొరంగం రోజు కాదు గదా?" అన్నాడు బావ.

"నీ కోసం రానేదు. బాబు కోసం వొచ్చినాను." పొట్లం నా వైపు చాపింది. "సందువా. పొద్దున్నే వలలో పడ్డాది."

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. ఇచ్చేటప్పుడు మన చెయ్యి పైన ఉండాలి, కింద ఉండకూడదు. భూమి పోయాక కూడా మా నాన్నగారు ఆ నియమాన్ని పోనివ్వలేదు, నాకూ అప్పగించారు. రోగుల దగ్గర నేను అంతవరకూ పండు కూడా తీసుకోలేదు. వద్దని చెప్పడానికి మర్యాదైన మాట వెతుకుతుండగా ఆవిడే అంది.

"ఐసు ఎట్టనేదు బాబూ. నీకు పడదంట కదా, పేటంతా తెలుసు. తడిగుడ్డ కప్పి, బస్సులో ఒళ్లో ఎట్టుకుని తెచ్చినాను. ఎండ తగలనివ్వనేదు. గానీ ఇంక ఆగదు, యేగిరం ఇంటికట్టుకెల్లు."

బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు కనబడకుండా. ఆవిడకు ఐసు సంగతి సరిచేసి చెప్పాలని నోరు తెరిచాను. ఐసు నాకు పడకపోవడం కాదమ్మా, అని. మళ్లీ మూసుకున్నాను. రెండు చేతులూ చాపి తీసుకున్నాను. పొట్లం ఆవిడ ఒడి వేడికి వెచ్చగా ఉంది.

ఆ రోజు సగం పూటకే సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. నా ఉద్యోగంలో అలా వెళ్లింది అదొక్కసారే. కారణం ఏమని రాయాలని బావ అడిగితే, ఉన్నదే రాయమన్నాను. చేప ఆగదు.